చుక్కల లెక్క

శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకంలో, కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడి గుడి ఉంది. దాన్ని శ్రీచక్రాకారంలో కట్టారని ప్రతీతి. కొండ కింద చెరువులో బాలాత్రిపురసుందరి కొలువు. శ్రీచక్రం ఆ తల్లి నెలవే కనుక మా వైపు వాళ్లకు ఆ మాట వింతగా తోచదు.

గీయబోతేనే శ్రీచక్రం పట్టు తెలుస్తుంది. కొన పైకి ఉన్న త్రిభుజాలు 4, కిందికి ఉన్నవి 5. ఈ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుంటే 43 చిన్న త్రిభుజాలు పుడతాయి. ఒక్క గీత వెంట్రుకవాసి జరిగినా మూడు గీతలు కలవాల్సిన చోట ఎడం వస్తుంది. దాన్ని సర్దితే ఇంకోచోట తేడా కొడుతుంది.

వాకిట్లో ముగ్గుదీ అదే కట్టుబాటు. ‘7 చుక్కలు, 4 వరకు సందు చుక్క’ అంటే నడిమి వరుసలో 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37 చుక్కలతో ఆరు మూలల ముగ్గు. ‘7 నుంచి 1 వరకు ఎదురు చుక్క’ అంటే నడిమి వరుసలో 7, అటూ ఇటూ 5, 3, 1. అప్పుడు 25 చుక్కలు, నాలుగు మూలలు. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా చుట్టి, బయలుదేరిన చోటికే రావాలి. దారి మూసుకుపోయిందంటే తప్పు అక్కడ ఉండదు, నాలుగు చుక్కల వెనకే జరిగి ఉంటుంది. పలకలకు పేరుపడ్డ మార్కాపురం పక్కనే కాబట్టి మా ఆడపిల్లలు వాకిట్లోకి దిగేముందు పలక మీద బలపంతో చెయ్యి తిప్పుకునేవారు. తడిగుడ్డ పెడితే తప్పు మాయం.

ఈ కట్టుబాటు కంప్యూటర్ శాస్త్రం కంటా పడింది. గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ 1974లో తమిళుల ముగ్గులైన కోలాల మీద ఒక పరిశోధన వ్యాసం వెలువరించారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ వ్యాకరణం రాయవచ్చని అందులో చూపించారు.

వ్యాకరణం ఉన్నది ఏదైనా ఊరు దాటుతుంది. అమ్మ ఫోన్లో చుక్కల లెక్క చెబితే చాలు, డాలస్‌లో గరాజు ముందు సుద్దముక్కతో అదే ముగ్గు పడుతుంది. అచ్చు స్టిక్కరు అంటిస్తే గుమ్మానికి అందం వస్తుంది గానీ పిల్లలకు లెక్క రాదు. అందుకే ఈసారి మన సంక్రాంతి ముగ్గుల పోటీలో రంగులకు ఇచ్చే మార్కుల్లో కొన్ని తగ్గించి, చుక్కల లెక్క నోటితో చెప్పి మెలిక తిప్పగలిగిన పిల్లలకు ఇద్దాం.