ఫిర్యాదు చేస్తే విశ్వాసం తగ్గినట్టా?

ఆదిమ సంఘంలో మొట్టమొదట వినిపించిన ఫిర్యాదు దేని గురించో ఎప్పుడైనా గమనించారా? అది సిద్ధాంతం గురించి కాదు, అన్నం గురించి. యెరూషలేములో ప్రతిరోజూ జరిగే ఆహార పంపిణీలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రను పక్కన పెడుతున్నారన్న సణుగుడు బయలుదేరింది (అపొ.కా. 6:1). పేదల్లోనే మరీ పేదవారికి, అదీ సంఘంలోపలే, జరిగిన వివక్ష అది. 'విశ్వాసులై ఉండి సణుగుతారా?' అని అపొస్తలులు వారిని కసరలేదు. సంఘమంతటినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. వారిలో నీకొలాసు పుట్టుకతో యూదుడు కూడా కాదు. ఎవరికి అన్యాయం జరిగిందో దాదాపుగా వారి చేతికే పంపిణీ గరిటె వెళ్లిందన్నమాట!

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తామంటే, మన సంఘాల్లో వివక్షకు గురైన వ్యక్తికి మొదట దొరికే సలహా 'ఊరుకో, ప్రభువు చూసుకుంటాడు' అన్నదే. జడ్చర్ల లాంటి పట్టణాన్నే తీసుకోండి. హైదరాబాదు–బెంగళూరు రహదారి, రాయచూరు రోడ్డు కలిసే కూడలి ఇది. పోలేపల్లి సెజ్‌లో పనికోసం, చదువుకోసం చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు వచ్చి బాదేపల్లిలో కిరాయి గదులు వెతుక్కుంటాయి. టూలెట్ బోర్డు చూసి తలుపు కొడితే కిరాయి ఎంతో చెప్పేలోపే వచ్చే ప్రశ్న మనందరికీ తెలుసు: 'మీరు ఏమోళ్లు?' 'క్రిస్టియన్లం' అంటే ఆ ప్రశ్న ఆగదు. 'అంటే, ఏమోళ్లు?' అని మళ్లీ వస్తుంది. తర్వాత గది 'వేరేవాళ్లకు ఇచ్చేసినం' అవుతుంది. పల్లెలో వెలివాడను దాటి పట్టణానికి వచ్చామనుకున్న వారికి ఆ వాడ గుమ్మం దగ్గరే ఎదురవుతుంది.

ఇలాంటప్పుడు పౌలు ఏం చేశాడో చూద్దాం. ఫిలిప్పీలో విచారణ లేకుండానే అతన్ని, సీలను బహిరంగంగా కొట్టి చెరలో వేశారు. అదే రాత్రి పౌలు చెరసాల నాయకుణ్ణి చావు నుంచి ఆపాడు, అతనికి సువార్త చెప్పాడు, బాప్తిస్మమిచ్చాడు, అతని ఇంట భోజనం చేశాడు. క్షమించడంలో ఏ లోటూ లేదు. తెల్లవారాక అధికారులు 'ఇక వెళ్లిపొమ్మనండి' అని కబురు పంపితే మాత్రం కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని అందరిముందు కొట్టి ఇప్పుడు రహస్యంగా పంపిస్తారా, వారే వచ్చి తీసుకెళ్లాలి అని పట్టుబట్టాడు (అపొ.కా. 16:37). ఇది పౌరుషం కోసమని కొందరంటారు. మాకలా అనిపించదు. పౌలు ఆ ఊరు విడిచి వెళ్లిపోతాడు, కాని లూదియ ఇంట్లో కూడుకునే చిన్న సంఘం అక్కడే ఉండాలి. దాన్ని ముట్టుకునేముందు అధికారులు ఒకసారి ఆలోచించాలి. తర్వాత యెరూషలేములో తాను తార్సు పట్టణపు పౌరుణ్ణని సహస్రాధిపతికి చెప్పుకున్నాడు, కొరడాలకు కట్టినప్పుడు చట్టాన్ని ప్రశ్నించాడు, చివరికి కైసరుకే విన్నవించుకున్నాడు. ఫిర్యాదు చేసే హక్కును అతడు శరీరకార్యాల జాబితాలో చేర్చలేదు.

మన దేశంలో ఆ హక్కు ఎక్కడుంది? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని అమలుచేయడానికి 1955లో వచ్చిన చట్టమే ఇప్పుడు పౌరహక్కుల పరిరక్షణ చట్టం. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1985 జులైలో జరిగిన కారంచేడు మారణకాండను తెలుగువారు మరచిపోలేరు. ఈ రెండో చట్టం బలమైనది. డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. 60 రోజుల్లో అభియోగపత్రం వేయాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుంటే, సంతకం తీసుకునేముందు దాన్ని ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి. ఈ విధుల్ని కావాలని నిర్లక్ష్యం చేసిన, ఎస్సీ ఎస్టీ వర్గాలకు చెందని అధికారికి ఆరు నెలలకు తగ్గని జైలుశిక్ష ఉంది.

అయితే మన సంఘాల్లోని చాలామందికి చిక్కు ఇక్కడే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. తెలంగాణలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి గ్రూపులోకి వస్తారు. గుంటూరు ప్రాంతంలో ఒక పాస్టరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని 2021లో ఫిర్యాదు చేశాడు. పోలీసులు అభియోగపత్రమూ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. ఏళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తి క్రైస్తవుడే, ఎస్సీ ధ్రువపత్రం చేతిలో ఉన్నంతమాత్రాన ఆ చట్టం వర్తించదని చెప్పింది. అతని సేవే అతనికి వ్యతిరేక సాక్ష్యమైంది. తిట్టినవాడు మతం చూసి తిట్టడు, కులం చూసే తిడతాడు. కోర్టు మాత్రం మతం చూసింది. ఈ ఉత్తర్వు న్యాయమైనదని మేము అనుకోవడం లేదు. మతం మారిన దళితుల హోదాను పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించడమే ఆ ప్రశ్న ఇంకా తేలలేదనడానికి గుర్తు.

అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1955 చట్టంలోని 4వ సెక్షన్ అంటరానితనం కారణంగా 'ఏ వ్యక్తినైనా' అడ్డుకోవడం నేరమంటుంది. బాధితుడి మతాన్ని అక్కడ అడగలేదు. దుకాణం, హోటలు, బావి, శ్మశానం మాత్రమే కాదు, ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండటం కూడా ఆ సెక్షన్ పరిధిలో ఉంది. శిక్ష నెల నుంచి ఆరు నెలలు. ఒక తేడా ఉంది. బాధితుడు ఎస్సీ అయితే ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా భావిస్తుంది. క్రైస్తవుడైతే అది మనమే రుజువు చేసుకోవాలి. ఇక కేవలం మతం కారణంగా ఇంటి యజమాని గది ఇవ్వనంటే, శిక్షించే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. మైనారిటీల కమిషన్‌కు విన్నవించుకోవచ్చు. లేని ఆశ పెట్టడం కన్నా ఈ సంగతి చెప్పడమే మేలు.

అందుకే కాగితం మీద రాసే ప్రతి మాటకూ విలువుంది. తేదీ, వేళ, చోటు, ఎవరు, ఎవరి ఎదుట, సరిగ్గా ఏ మాట అన్నారు? 'కులం పేరుతో దూషించారు' అని పొడిగా రాస్తే చాలదు. ఎంత ముతకదైనా ఆ మాటే రాయాలి. ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాటకు 1989 చట్టపు దూషణ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, వాకిట్లో అన్నారా, లోపల అన్నారా, విన్నవారెవరు అన్నది తేలాలి. పోలీసులు జాప్యం చేయరాదని, నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితాకుమారి కేసులో తీర్పిచ్చింది. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేటు ఉన్నారు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి ఉంది. ఎస్సీ, ఎస్టీల కోసం 14566 హెల్ప్‌లైన్ ఉంది.

స్టేషన్ మెట్ల దగ్గరే రాజీ మాటలు మొదలవుతాయి. చాలాసార్లు ఆ రాయబారం కాపరి చేతే చేయిస్తారు. 'అయ్యగారు, మీరు చెబితే వింటరు' అంటారు. వినే మాట నిజమే కాని, పశ్చాత్తాపం ఒక పక్కన లేకుండా రెండో పక్కనే క్షమాపణ రాబట్టడం సమాధానపరచడం కాదు. కాపరి బాధితుడితో కలిసి స్టేషన్‌కు వెళ్లి బెంచీ మీద కూర్చోవడం అంతకన్నా మంచి పరిచర్య. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల వాడికి పాదపీఠం చూపించే సంఘాన్ని యాకోబు ఎంత గట్టిగా మందలించాడో (యాకోబు 2వ అధ్యాయం) మనకు తెలుసు. మాలోళ్ల చర్చి, మాదిగోళ్ల చర్చి అన్న పిలుపు మన జిల్లాల్లో ఇంకా పోలేదు. ఇంటి యజమాని మీద ఫిర్యాదు రాసేటప్పుడు ఇదీ గుర్తుకు రావాలి.

మరొక సంగతి బాప్తిస్మపు రిజిస్టరు. 2025 తీర్పు తర్వాత ఇది సున్నితమైన విషయమైంది. ఎస్సీ ధ్రువపత్రం పెట్టుకుని ఆరాధనకు వచ్చే విశ్వాసి మీద మేము రాయి వేయం. పిల్లల చదువు, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడి ఉంటాయి. విశ్వాసాన్ని దాచుకునేలా చేసిన నియమాన్నే ముందు ప్రశ్నించాలి. కాని కేసు కోసం రిజిస్టరులో పేరు కొట్టేయమనో, తేదీ మార్చమనో ఎవరైనా అడిగితే కాపరి ఒప్పుకోకూడదు. వారిని కూర్చోబెట్టి, ఏ చట్టం కింద నిజం చెబుతూనే ఫిర్యాదు చేయవచ్చో న్యాయవాదిని అడిగి, ఆ కాగితం రాయడంలో సాయపడాలి.