మాట్లాడే పెళ్లినగలు!

పెళ్లినగ అనగానే 'ఎన్ని తులాలు' అన్న ప్రశ్నే ముందొస్తుంది. విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండులో మాత్రం ఇంకో ప్రశ్నా ఉండేది... 'ఇంతకీ ఈ నగ ఏం చెబుతోంది?' అని. పెళ్లికి ముందు అబ్బాయీ అమ్మాయీ మనసు విప్పి మాట్లాడుకోవడానికి అంతగా వీల్లేని కాలమది. అందుకే నోటితో చెప్పలేని మాటలన్నీ నగల్లోకి చేరాయి.

పాము ఉంగరం అంటే మనవాళ్లు 'ఏ దోషానికి?' అనడుగుతారు. 1839లో ఆల్బర్ట్ యువరాజు విక్టోరియాకి ఇచ్చిన నిశ్చితార్థపు ఉంగరం అదే! చుట్టుకున్న పాము అంతులేని ప్రేమకు గుర్తట. అందులో పొదిగిన పచ్చ, ఆమె పుట్టిన మే నెల రాయి. 1840 ఫిబ్రవరి 10న పెళ్లిలో రాణి తలపై కిరీటం బదులు నారింజ పూల దండ పెట్టుకుంది. తోడుపెళ్లికూతుళ్లు పన్నెండుమందికీ గద్ద ఆకారంలో బ్రూచ్‌లు ఇచ్చారు. నీలిరంగు టర్కోయిస్ రాళ్లతో ఒళ్లు, కెంపులతో కళ్లు, వజ్రంతో ముక్కు, గోళ్ల కింద ముత్యాలు. కెంపంటే అనురాగం, వజ్రమంటే శాశ్వతం, ముత్యమూ టర్కోయిసూ నిజమైన ప్రేమ!

రాళ్లతో ఉత్తరం

రాళ్లతో మాటలు కూర్చడమూ ఉండేది. రూబీ, ఎమరాల్డ్, గార్నెట్, అమెథిస్ట్, రూబీ, డైమండ్... వరసగా పొదిగి ఇంగ్లిషులో మొదటి అక్షరాలు కలిపితే 'రిగార్డ్'. అంటే నువ్వంటే అభిమానం అని. లాకెట్‌లో ఇష్టమైనవారి వెంట్రుకలు దాచుకునేవారు. మనిషి దూరమైనా చాలాకాలం చెడకుండా ఉండేది అదే కదా! 1854లో చట్టం 15, 12, 9 క్యారట్ల బంగారాన్నీ అనుమతించడంతో ఇలాంటి ముచ్చట్లు మధ్యతరగతి ఇళ్లకూ అందుబాటులోకి వచ్చాయి.

పింగాణీ పూలు

విక్టోరియాకు అన్నిటికన్నా అపురూపమైన వాటిలో నారింజ పూల సెట్టు ఒకటి. బంగారు ఆకులు, తెల్లటి పింగాణీ పూలు. 1839లో ఒక బ్రూచ్‌తో మొదలుపెట్టి ఆల్బర్ట్ ఒక్కొక్కటీ జతచేస్తూ వచ్చాడు. 1846లో ఇచ్చిన తలదండలో నాలుగు చిట్టి పచ్చికాయలు ఉంటాయి. అప్పటికి వాళ్ల పిల్లలు నలుగురు మరి! ఏటా పెళ్లిరోజున రాణి ఆ నగలు పెట్టుకునేది.

1861 డిసెంబరు 14న ఆల్బర్ట్ నలభై రెండేళ్లకే కన్నుమూశాడు. ఆ తర్వాత ఆమె వాటిని మళ్లీ ధరించలేదు. నల్లబట్టలూ, విట్‌బీ ఊరి నుంచి వచ్చే జెట్ అనే నల్లరాయి నగలే ఆమె అలంకారమయ్యాయి.

మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్ వజ్రం కూడా ఆ రాణి దగ్గరే ఉండేది. ఆమె తర్వాత అది రాణుల కిరీటాల్లోకి ఎక్కింది. కానీ పింగాణీ పూల సెట్టును మాత్రం వారసులెవరికీ ఇవ్వొద్దని, తన తదనంతరం విండ్సర్ కోటలో ఆల్బర్ట్ కన్నుమూసిన గదిలోనే ఉంచాలని చెప్పింది.

వజ్రం ఎవరి తలమీదైనా మెరుస్తుంది. ఆ పూలకు అర్థం తెలిసింది మాత్రం ఇద్దరికే!