నీళ్లు నగరానికి, దుమ్ము ఊళ్లకి

బడి ముందు ఎర్ర జెండా ఎగిరిందంటే ఆ రోజు పిల్లలకు ఆటల్లేవు. పచ్చ జెండా అయితేనే మైదానంలోకి వదులుతారు. గాలి ఎంత చెడిందో చెప్పడానికి దక్షిణ కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ కౌంటీలో కొన్ని బడులు పెట్టుకున్న పద్ధతి ఇది. సాల్టన్ సీ పరిసరాల్లో దాదాపు ప్రతి ఐదుగురు పిల్లల్లో ఒకరికి ఉబ్బసం. పుస్తకాల సంచిలో ఇన్‌హేలర్ కూడా ఉండాల్సిందే.

సాల్టన్ సీ పేరుకు సముద్రం, నిజానికి సరస్సు. సముద్రమట్టానికి 70 మీటర్లకు పైగా దిగువన ఉన్న ఎడారి పల్లం అది. 1905లో కొలరాడో నది సాగునీటి కాలువను తెంచుకుని అందులోకి మళ్లింది. 1907లో గండి పూడ్చేసరికి అక్కడొక సరస్సు నిలిచిపోయింది. 1950లు, 60లలో పడవ పందేలు, హోటళ్లతో కళకళలాడింది. ఇప్పుడు దాని ఉప్పదనం మహాసముద్రాన్ని మించిపోయింది, చేపలు దాదాపు లేవు.

ఎండకు అక్కడ ఏడాదికి ఆరడుగుల దాకా నీరు ఆవిరైపోతుంది. ఆ లోటు తీర్చేది పొలాల నుంచి దిగే మురుగునీరే. 2003లో కుదిరిన నీటి ఒప్పందం ప్రకారం ఇంపీరియల్ లోయలో సాగునీటిని పొదుపు చేసి, మన లెక్కలో ఏటా 8.7 టీఎంసీల దాకా శాండియాగోకు ఇవ్వాలి. కాలువకు లైనింగ్ వేసి, డ్రిప్ పెట్టి నీరు మిగిల్చే రైతును మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవాలి కూడా. కానీ ఇక్కడ చేలో వృథా అనుకున్న నీరే సరస్సుకు ప్రాణాధారం. పొదుపు పెరిగేకొద్దీ సరస్సు ఎండుతుందని సంతకాలు చేసినవారికి తెలుసు. అందుకే 2017 దాకా సరస్సుకు కొంత నీరు వదలాలని రాసుకున్నారు. ఆలోగా ప్రత్యామ్నాయం చూపాల్సిన రాష్ట్ర ప్రభుత్వం ప్రణాళికలతోనే కాలం వెళ్లబుచ్చింది. క్షమించరానిది ఆ జాప్యమే.

నీరు తగ్గిన చోట ఉప్పు పేరిన నేల బయటపడుతోంది. దశాబ్దాల పురుగుమందుల అవశేషాలు, ఆర్సెనిక్, సెలీనియం అందులోనే ఉన్నాయి. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ధూళిని ఎలుకల చేత పీల్పిస్తే ఊపిరితిత్తులు వాచాయి. అక్కడి దుమ్మంతా సరస్సుదే కాదు. ఎడారి ఇసుక, దున్నిన చేల మట్టి, సరిహద్దు అవతలి మెహికలి పొగ కూడా కలుస్తాయి. అంతమాత్రాన చేతులు దులుపుకుంటే ఎలా? ఇప్పటికే చెడిన గాలికి మరో విషం చేర్చడం ఇంకా పెద్ద తప్పు.

ఆ గాలి పీల్చేదెవరు? 45 డిగ్రీల ఎండలోనూ పని చేసే మెక్సికన్ మూలాల కూలీలు. శీతాకాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో చాలా భాగం కోసేది వాళ్లే. 1905 వరదలో భూములు మునిగిన టోరెస్ మార్టినెజ్ తెగవాళ్లూ ఆ గాలే పీలుస్తున్నారు. ప్రభుత్వ పరికరాలు చాలవని స్థానిక సంస్థ ‘కోమితే సివికో దెల్ వాయే’ లోయలో సొంతంగా నలభై దాకా గాలి కొలిచే యంత్రాలు పెట్టించింది.

ఏం చేయాలో తెలియక కాదు. ఇదే రాష్ట్రంలో లాస్ ఏంజెలెస్ నగరం 1913 నుంచి నీళ్లు మళ్లించుకోవడంతో ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. ఆ ధూళిని అణచడానికి ఆ నగరమే 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాల్సి వచ్చింది. గాలికి అడ్డంగా చాళ్లు దున్నడం, గడ్డి పెంచడం, పలచగా నీరు పెట్టడం అక్కడ ఫలించాయి. సాల్టన్ సీ దగ్గర 2028 నాటికి దాదాపు 30 వేల ఎకరాల్లో ఇలాంటి పనులు చేయాలన్నది లక్ష్యం. సరస్సులో కలిసే న్యూ రివర్ ముఖద్వారం వద్ద 4,100 ఎకరాల చిత్తడి నేలకు 2025లో నీరు వదలడం మొదలుపెట్టారు. మిగతా పని చాలా వెనకబడి ఉంది.

శాండియాగోలో స్థిరపడిన తెలుగు కుటుంబాల కుళాయిల్లోకి కూడా ఈ ఒప్పందం నీళ్లే చేరుతున్నాయి. మీ జల మండలి సమావేశాలకు వెళ్లండి. సరస్సు ఒడ్డున పని ఎంతవరకు వచ్చిందో, మీ బిల్లులో దానికి ఎంత పోతోందో అడగండి.