రెసిడెన్సీ లేకపోతే ఉద్యోగం రాదా?

"రెసిడెన్సీ చేయకపోతే ఆస్పత్రి గడప తొక్కనివ్వరట పిన్నీ!" అమెరికాలో ఫార్మ్‌డీ ఆఖరి ఏడాదిలో ఉన్న మా అక్క కూతురు ఫోన్లో ఒకటే దిగులు.

నేనూ ఇక్కడే ఆస్పత్రి ఫార్మసిస్టుని. రెసిడెన్సీ చేయలేదు. చట్టప్రకారం కావలసింది డిగ్రీ, నాప్లెక్స్ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు. చిన్న ఆస్పత్రిలో రాత్రి డ్యూటీతో మొదలుపెట్టాను.

అయితే ఐసీయూలో, క్యాన్సర్ వార్డులో డాక్టర్లతో కలిసి మందులు నిర్ణయించే ఉద్యోగాలకు ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల రెసిడెన్సీ అడుగుతారు. అది లేదనే నన్ను రెండుసార్లు కాదన్నారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రెసిడెన్సీలో జీతం సుమారు సగమే. నెత్తిన చదువు అప్పు. అందుకే చెప్పాను: "ముందు ఏ పని కావాలో తేల్చుకో తల్లీ. వార్డు పనే కావాలంటే ఆ ఏడాది ఓర్చుకో. భయపడి మాత్రం చేరకు."