పిల్లల సొమ్ము ఎవరిది?

హైదరాబాదు పాతబస్తీలో పసిపిల్లలకు సొమ్ము చేరు దారులు పెక్కు గలవు. రంజాను పండుగనాడు పెద్దలకు సలాము చేసిన బిడ్డ చేతిలో ఈదీ నోటు పడును. నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినముల వయసున జరుపు బిస్మిల్లా వేడుకలో మేనమామ ఉంగరము తొడుగును. లాల్‌దర్వాజా సందులలోని తెలుగు ఇండ్లలో అన్నప్రాశననాడు అమ్మమ్మ తెచ్చిన మురుగులు భద్రముగా పెట్టె చేరును. ముంతలోని చిల్లర నిండినంతనే తండ్రి దానిని బ్యాంకులో వేసి, బిడ్డ పేర పాసుపుస్తకము తెచ్చును. చినుకు చినుకు చేరి చెరువగునన్న మాట ఆ ఇంట నిజమగుచుండును.

కాని ఆలుమగలు వేరుపడిననాడు ఆ చెరువు ఎవరిదను ప్రశ్న పుట్టును.

పాతబస్తీ వారికి కోర్టు దూరము కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ నివసించిన పురానీ హవేలీలో ఆయన దుస్తులు దాచిన పొడవైన చెక్క అల్మరాలను చూచుటకు నేటికిని జనులు వత్తురు. ఆ పురానీ హవేలీ ప్రాంతముననే ఫ్యామిలీ కోర్టును కలదు. ప్రభువుల సంపదను చూడవచ్చినవారు నడచు దారినే, ఒక చిన్న పాసుపుస్తకమును చేతిసంచిలో దాచుకొని తల్లులును తండ్రులును నడచుచుందురు.

తగవు సాధారణముగా ఇట్లు మొదలగును. కూతురి పేర తండ్రి డిపాజిట్టు చేసెను. సంరక్షకుడుగా తానే సంతకము పెట్టెను. ఇప్పుడు బిడ్డ తల్లి యొద్ద నున్నది. బడి రుసుము కట్టవలెను. తల్లి బ్యాంకునకు పోయిన, సంతకము తండ్రిదందురు. తండ్రి నడిగిన, సొమ్ము నాదనును. మఱియొక ఇంట తల్లియే బిడ్డ మురుగులను అమ్మి అద్దె కట్టెనని తండ్రి ఫిర్యాదు. ఇరువురి మాటలలోను కొంత కష్టము, కొంత కోపము కలదు. బిడ్డ మాట మాత్రము ఎవరును అడుగరు.

ఇచ్చట మూడు సంగతులను వేరుచేసి చూడవలెను. సొమ్ము వేసినవారు ఒకరు, సంతకము చేయువారు ఒకరు, సొంతదారు ఒకరు. ఈ మూడును కలగాపులగమైనప్పుడే తగవు ముదురును. మనఃపూర్తిగా ఇచ్చిన దానమును దాత తన ఇచ్చవచ్చినట్లు వెనుకకు తీసుకొనరాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. ముస్లిం ధర్మశాస్త్రము ప్రకారము తండ్రి తన మైనరు బిడ్డకు దానమిచ్చునప్పుడు వస్తువును చేతికి అప్పగింపవలసిన పని లేదు. ఇచ్చితినను నిజమైన సంకల్పము చాలును. కనుక ఎవరు వేసిరనుటకంటె, ఏ తలంపుతో వేసిరనునదే విచారణలో ముఖ్యమగును.

సంతకపు హక్కు విషయమున మతధర్మములు వేరువేరు త్రోవల నడచినవి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము తండ్రిని, ఆతని తరువాత తల్లిని సహజ సంరక్షకులుగా పేర్కొన్నది. ఈ 'తరువాత' అను ఒక్క మాటపై సుప్రీంకోర్టు వఱకు వ్యాజ్యము నడచెను. రచయిత్రి గీతా హరిహరన్, ఆమె భర్త 1984 డిసెంబరులో తమ కుమారుని పేర తొమ్మిది శాతము వడ్డీ గల రిలీఫ్ బాండ్ల కొఱకు రిజర్వు బ్యాంకునకు దరఖాస్తు చేసిరి. సంరక్షకురాలిగా తల్లి సంతకముండుటకు భర్తయు సమ్మతించెను. ఐనను బ్యాంకు, తండ్రి సంతకము కావలెనని దరఖాస్తును త్రిప్పి పంపెను. పిదప దంపతుల నడుమ విడాకుల వ్యాజ్యము వచ్చెను. తానొక్కడే సహజ సంరక్షకుడనని భర్త తనకును, బిడ్డ చదువు బడికిని జాబులు వ్రాయుచుండెనని ఆమె న్యాయస్థానమునకు విన్నవించెను. 1999 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను: 'తరువాత' యనగా తండ్రి మరణానంతరమని కాదు; తండ్రి బిడ్డ పోషణను పట్టించుకొననప్పుడు, దూరమైనప్పుడు, లేక ఇరువురును ఒడంబడినప్పుడు తల్లియు సంరక్షకురాలు కాగలదు.

హనఫీ ముస్లిం ధర్మము బిడ్డను, బిడ్డ ఆస్తిని వేరుగా చూచును. మగపిల్లవానిని ఏడేండ్ల వఱకు, ఆడపిల్లను యుక్తవయసు వఱకు పెంచు హక్కు తల్లిది. ఆస్తికి మాత్రము తండ్రి, ఆతడు మరణశాసనమున నియమించినవాడు, తాత మొదలగువారే సంరక్షకులు. న్యాయస్థానపు నియామకము లేకుండ తల్లి చేసిన మైనరు ఆస్తి బదిలీ చెల్లదని 1918లో ప్రీవీ కౌన్సిలు తీర్పిచ్చెను. అందుచేత పాతబస్తీలోని అనేక గృహములలో బిడ్డ తల్లి ఒడిలోను, పెట్టె తాళము తండ్రి చేతిలోను ఉండును.

మఱియొక చిక్కును కలదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టము బిడ్డ పెంపకమును గూర్చి, బిడ్డ వ్యక్తి సంరక్షకత్వమును గూర్చి చెప్పినదే గాని, ఆ నిబంధనలో బిడ్డ ఆస్తి సంరక్షకత్వపు మాట లేదు. దాని కొఱకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము క్రింద జిల్లా కోర్టు అధికారము గల న్యాయస్థానమును ఆశ్రయింపవలెను. బిడ్డ దక్కినంతనే బిడ్డ ఖాతాయు దక్కినదని తలచుట పొరపాటు.

ఐనను అన్ని ధర్మములకును సామాన్యమైన నీతి యొకటి కలదు. సంరక్షకుడు యజమాని కాడు, కావలివాడు. హిందూ చట్టము ప్రకారము సహజ సంరక్షకుడు మైనరు మేలు కొఱకే వ్యవహరింపవలెను; స్థిరాస్తిని అమ్ముటకు న్యాయస్థానపు ముందస్తు అనుమతి కావలెను. డిపాజిట్టునకు అట్టి ముందస్తు అడ్డు లేదు. ఇంటికంటె పాసుపుస్తకము త్వరగా కరుగుటకు కారణమిదియే. న్యాయస్థానము నియమించిన ఆస్తి సంరక్షకుడు మాత్రము, కోర్టు కోరినచో, ఆరు నెలల లోపల ఆస్తి పట్టీని దాఖలు చేయవలెను. నియామకమున బిడ్డ క్షేమమే ప్రధానము. తెలిసి చెప్పగల వయసున్నచో బిడ్డ అభీష్టమును కూడ కోర్టు పరిశీలింపవచ్చును.

కొన్ని పొదుపులకు నియమములే కంచె. 2015 జనవరిలో ఆరంభమైన సుకన్యా సమృద్ధి ఖాతా బాలిక పేరనే యుండును. పదునెనిమిదేండ్లు నిండగనే ఆమెయే నడుపుకొనును. తలిదండ్రులు వేరుపడుట దానిని పంచుకొనుటకు కారణము కాజాలదు. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఉత్తరువు ప్రకారము తల్లి సంరక్షకురాలుగా ఏ వయసు బిడ్డకైనను ఖాతా తెరువవచ్చును. పదేండ్లు నిండినవారు బ్యాంకు విధించు పరిమితులకు లోబడి తామే నడుపుకొనవచ్చును.

ఒకప్పుడు పాఠశాలలలో 'సంచయిక' అను పొదుపు బ్యాంకులు నడచినవి. పిల్లలు తమ లెక్క తామే వ్రాసికొనిరి. ఆ పాఠము నేడును అవసరమే. పాసుపుస్తకముపై తన పేరెచ్చట, సంరక్షకుని పేరెచ్చట అని పదేండ్ల బిడ్డ చదువగలిగిన, సగము అన్యాయము ఆగును. రుసుము కట్టలేక తరగతి గుమ్మమున నిలిచిన బిడ్డ వెనుక ఇట్టి తగవుండవచ్చునని గురువు గ్రహించిన, ఆ బిడ్డకు తలవంపు తప్పును.

వేరుపడు దంపతులు ఇంటిని పంచుకొందురు, పాత్రలను పంచుకొందురు. ఆ లెక్కకు కూర్చుండుటకు ముందే బిడ్డ పాసుపుస్తకమును ప్రక్కన పెట్టవలెను. ఏలయన దాని యజమాని ఆ పంపకమున కక్షిదారు కాదు. ఆ వేళకు బడిలో కూర్చుండి ఎక్కాలు వల్లించుచుండును.