నాగలి కన్నబిడ్డ, నాగలి వద్దన్న తల్లి
వ్యవసాయం మనిషికి తిండితో పాటు పుట్టుక కథలనూ ఇచ్చింది. బిలాస్‌పూర్ చుట్టూ ఆ కథలు రెండు రకాలు.

పుష్యమాసం వస్తే బిలాస్‌పూర్‌లో రెండు పండుగలు కలుస్తాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు సంక్రాంతి. చుట్టుపక్కల పల్లెలకు పున్నమి నాటి ఛేర్‌ఛేరా. ఆ రోజు పిల్లలు ఇంటింటికీ తిరిగి కొత్త వడ్లు అడుగుతారు, అచ్చం మన హరిదాసులు బియ్యం అడిగినట్టు. భాషలు వేరైనా పంట ఒకటే.

పంట గాదెకు చేరాకే దానం, పండుగ, పొలం గట్టు తగాదా అన్నీ మొదలయ్యాయి. కథలూ మారాయి. జనకుడు యాగభూమి దున్నుతుంటే నాగటి చాలులో సీత దొరికింది. ఆ పేరుకు అర్థమే నాగటి చాలు. పదివేల ఏళ్ల కిందటే గోధుమ, బార్లీ సాగు మొదలైన పశ్చిమాసియా కథలో మాత్రం సేద్యం శిక్ష. ఏదెను తోట పోగొట్టుకున్న ఆదాము చెమటోడ్చి నేల దున్నుకోవాలి. అతడి కొడుకుల్లో రైతైన కయీను, గొర్రెల కాపరి హేబెలును చంపాడు.

బిలాస్‌పూర్‌కు వాయవ్యాన అచానక్‌మార్, మైకల్ కొండల్లోని బైగాలది మూడో దారి. వెరియర్ ఎల్విన్ 1939లో ప్రచురించిన 'ది బైగా'లో వాళ్ల కథ ఉంది. భూమి నుంచి పుట్టిన నంగా బైగా కదిలిపోతున్న నేలకు మేకులు దిగ్గొట్టి నిలబెట్టాడు. నేలతల్లి రొమ్మును నాగలితో చీల్చవద్దని భగవంతుడు అతడికి చెప్పాడు. అందుకే బైగాలు చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో కొర్రజాతి చిరుధాన్యాలు చల్లేవారు. మన పోడు లాంటి ఆ సాగు పేరు బేవర్.

రైలు పట్టాల కింద స్లీపర్లకు గుగ్గిలం కలప కావాల్సిన కాలం అది. అడవిని కాపాడుకోవాలనుకున్న బ్రిటిష్ ప్రభుత్వం బేవర్‌ను నిషేధిస్తూ వచ్చి, 1890లో దాన్ని మండ్లా జిల్లాలోని 'బైగా చక్' అనే చిన్న ప్రాంతానికి పరిమితం చేసింది. పుట్టుక కథే పట్టాగా బతికిన జనం చేతికి నాగలి ఇచ్చింది. వారికది కొత్త పనిముట్టు కాదు, తల్లికి చేసే ద్రోహం. 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2015లో దిండోరీ బైగాలకు ఆవాస హక్కులు దక్కేసరికి శతాబ్దం దాటింది.

విచిత్రమేమిటంటే, నాగలి పట్టే గోండు పల్లెల్లో విత్తనానికి పూజ చేసేది ఆ బైగాయే. నేల దున్నినవాడు కూడా, నేలను గాయపరచనని మాటిచ్చినవాడి దీవెన కోరుకున్నాడు.