అటక దించేముందు



మీలో చాలామందికి మదరాసులో బంధువులు ఉంటారు. చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి రెండు మూడు తరాల కిందట వెళ్ళి, అక్కడ ఇల్లూ వాకిలీ ఏర్పరచుకున్నవాళ్ళు. ఆ ఇళ్ళు ఇప్పుడు ఒక్కొక్కటే అమ్మకానికి వస్తున్నాయి. పిల్లలు వేరే ఊళ్ళలో ఉంటారు, పెద్దవాళ్ళకు మెట్లు ఎక్కే ఓపిక లేదు. ఇల్లు ఖాళీ చెయ్యాలి, సాయానికి రమ్మని మనకు కబురు వస్తుంది. రైలెక్కి వెళ్తాం, కొంగు బిగించి చీపురు పడతాం. ఆ చీపురు పట్టేముందు చెయ్యవలసిన పని ఒకటుంది. దాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

మా మేనమామగారి ఇల్లు చింతాద్రిపేటలో ఉండేది. మూడు వైపులా కూవం నది చుట్టుకున్న పేట అది. 1734లో, జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా ఉన్నప్పుడు, సుంకురామ అనే వర్తకుడి తోటలో నేతగాళ్ళకోసం వెలిసింది. తమిళంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేటే చింతాద్రిపేట అయిందని చెబుతారు. ఇరుకు వీధులు, ఒకదానినొకటి ఆనుకున్న ఇళ్ళు. మామయ్యగారిది నడుమ వాకిలి ఉన్న పాతకాలపు మిద్దె. అటక మీద ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం నలుగురం కలిసి అటక దించాం. పాత పంచాంగాలు, కరెంటు బిల్లులు, చెదలు పట్టిన పుస్తకాలు, గుడ్డలో చుట్టిన కాగితాల కట్టలు. మాలో ఇద్దరికి తమిళం చదవడం రాదు. వాళ్ళ చేతికి వచ్చిన కట్టలు వాళ్ళకు చిత్తుకాగితాల్లాగే కనిపించాయి. సాయంత్రానికల్లా అంతా కిలో లెక్కన వెళ్ళిపోయింది. పాతసామాను కొనేవాళ్ళకు అక్కడ కొదవ లేదు. పాత మోటారు సామాన్లకు పేరుపడ్డ పుదుపేట ఏటి అవతలే కదా!

పది రోజులకు కొనేవారి వకీలు వచ్చి, "తాయ్ పత్తిరం ఎక్కడుంది?" అని అడిగారు. తాయ్ అంటే తల్లి. మన వైపు లింకు దస్తావేజు అంటామే, అది. ఆస్తి అంతకుముందు ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చెప్పే మూలం. కాగితాల కొట్టుకు పరుగెత్తాం. కట్ట అప్పటికే మిల్లుకు పోయింది. తరవాత పోలీసులకు ఫిర్యాదు, పత్రికలో ప్రకటన, దొరకలేదన్న ధ్రువపత్రం, రిజిస్ట్రారు ఆఫీసులో నకలు. మూడు నెలలు పట్టింది. ఈలోగా కొనే ఆయన ధర తగ్గించాడు. అడగవలసిన మాటే అడిగాడు, ఆయన్ను అనడానికి లేదు.

కాబట్టి ఇల్లు ఖాళీ చెయ్యడం కాగితంతో మొదలుపెట్టండి. మీకు లిపి రాని కాగితం ఏదీ, చదవగలిగినవాళ్ళు చూసేదాకా, గడప దాటనివ్వకండి. కొన్ని మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. కిరయ పత్తిరం అంటే మన క్రయ దస్తావేజే. పాగప్పిరివినై అంటే భాగ పంపిణీ పత్రం. వారిసు అని ఉంటే వారసుల ధ్రువపత్రం. విల్లంగం అంటే ఆస్తిమీద తాకట్టు వగైరాలు ఉన్నదీ లేనిదీ చెప్పే కాగితం, మనం ఇ.సి. అంటాం. పట్టా అక్కడా పట్టాయే. ఇంటిపన్ను, నీటిపన్ను రసీదులు విడిగా కట్టండి. పూర్తి సొమ్ము ముట్టాక అసలు దస్తావేజులు కొన్నవారికి ఇచ్చెయ్యాలి గనుక, ముందే జిరాక్సులు తీయించి పెట్టుకోండి.

ఆ కట్టల్లోనే బ్యాంకు పాసుపుస్తకాలు, కంపెనీ షేర్ల కాగితాలు ఉంటాయి. పాతవి గదా అని చింపకండి. పదేళ్ళు కదలని ఖాతాలోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళినా, వారసులు ఆ బ్యాంకు ద్వారానే అడిగి తీసుకోవచ్చు. ఏ బ్యాంకులో ఏముందో వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటు కూడా పెట్టారు. కాగితం షేర్లను ఆ రూపంలోనే ఇంకొకరికి అమ్మడం 2019 ఏప్రిల్ నుంచి ఆగింది. అంతమాత్రాన విలువ పోలేదు. వారసుల పేరుకు మార్పించుకుని డీమాట్ చేయించుకోవాలి.

ఇక సున్నాలు, రంగులు. ఫ్లాటు అమ్మేటప్పుడు గోడ శుభ్రంగా కనిపిస్తే మంచిదే. చింతాద్రిపేటలాంటి చోట పాత మిద్దె కొనేవారు చాలావరకు నేల చూసి కొంటారు. అక్కడ లెక్క గ్రౌండ్లలో, గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. పడగొట్టే ఇంటికి రంగులెందుకు? ఆ డబ్బు మిగుల్చుకుని, మూలమూలకీ టేపు పట్టడానికి వీలుగా సామాను తీయించండి, చాలు.

సామాను తీయించడంలోనూ ఒక మెలిక ఉంది. పాత ఇళ్ళకు బర్మా టేకు తలుపులుంటాయి. వాటిని విడిగా అమ్ముకుందామని ఎవరో ఒకరు అంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఇంటితోబాటు తాళాలు, తాళపుచెవులు, తలుపులు, కిటికీలు కూడా కొన్నవారికే చెందుతాయి. మీకు కావలసిన తలుపు ఉంటే, అడ్వాన్సు పుచ్చుకోకముందే అగ్రిమెంటులో రాయించండి. ఇత్తడి గుండిగలు, గంగాళాలు మాత్రం మీవే. ఇంట్లో తూకం వేసుకుని, ఇద్దరు ముగ్గురిని ధర అడిగి ఇవ్వండి.

పెద్దవాళ్ళ పెట్టె వాళ్ళ ముందే తెరవండి. మా అత్తయ్య పెట్టెలో ఉత్తరాలు, ఒక ఉగ్గుగిన్నె, పిల్లల బడి ఫోటోలు ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటే చూసుకుని, సగం తానే పక్కన పెట్టేసింది. మేం తొందరపెట్టి ఉంటే ఒక్కటీ వదిలేది కాదు.

రోలు దగ్గర మాత్రం పట్టుబట్టింది. కొత్త ఫ్లాటు మూడో అంతస్తు. వంటగది కొలిచి చూపించాను, అడుగున్నర జాగా కూడా మిగలలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు పనిచేసే అమ్మాయిని పిలిచి, "మీ ఇంట్లో పచ్చడి నూరుతారా?" అని అడిగింది. నూరుతామంది ఆ పిల్ల. సాయంత్రం వాళ్ళాయన తోపుడుబండి తెచ్చి తీసుకుపోయాడు. పొత్రం మాత్రం అత్తయ్య ఇవ్వడం మరిచిపోయింది. మర్నాడు నేనే పట్టుకెళ్ళి ఇచ్చివచ్చాను.